పెద్ద బండిదే తప్పు

జమ్మిపట్నంలో రెండు బళ్ళు గుద్దుకుంటే తప్పెవరిదో తేల్చడానికి ఎవరూ బుర్ర పాడుచేసుకునేవారు కాదు. పెద్ద బండిదే తప్పు. సైకిలూ మోపెడూ గుద్దుకుంటే మోపెడుది, మోపెడూ కారూ అయితే కారుది, కారూ లారీ అయితే లారీది. లారీ రోడ్డు పక్కన నిద్రపోతున్నా సరే, సైకిలువాడు పాట పాడుకుంటూ వెనకనుంచి వచ్చి గుద్దుకున్నా సరే, జనం పోగై లారీ డ్రైవరునే కిందికి దింపేవారు. తాతలనాటి ధర్మం. దానివల్ల అన్యాయం ఎన్నిసార్లు జరిగిందో గాని ఆలస్యం మాత్రం ఎన్నడూ జరగలేదు. నాలుగు తిట్లు, ఒక సర్దుబాటు, ఒక గ్లాసు మంచినీళ్ళు, ఆపైన ఎవరి దారిన వాళ్ళు.

అలా సుఖంగా ఉన్న ఊళ్ళోకి కొత్త కమిషనరుగారు వచ్చారు. ఆయనకు సామెతలంటే పిచ్చి. మన పెద్దల మాటల్లో శాస్త్రం దాగి ఉందనీ, దాన్ని బయటికి లాగి చట్టంలో కూర్చోబెడితే ఊరు బాగుపడుతుందనీ ఆయన నమ్మకం. 'పెద్ద బండిదే తప్పు' అన్న మాట ఎవడో ఆయన చెవిన వేశాడు. వాడి నోట్లో మట్టి పడ! నెల తిరక్కుండా మున్సిపాలిటీలో 'ప్రమాద బాధ్యతా నిర్ధారణ విభాగం' వెలిసింది. ఇకమీదట పెద్ద బండి ఏదో శాస్త్రీయంగా కొలిచి తేలుస్తారు. తేలిన బండినీ, దాని మీదున్న సరంజామానీ జప్తు చేస్తారు.

విభాగానికి నిర్ధారణాధికారిగా త్రివిక్రమరావుగారిని వేశారు. లంచం ముట్టనివాడు, అబద్ధం ఆడనివాడు, టేపు లేకుండా గడప దాటనివాడు. ఎదుటి మనిషితో మాట్లాడుతున్నంతసేపూ ఆ మనిషి అడ్డమూ పొడవూ కళ్ళతోనే కొలుస్తూ ఉండేవారు. ఆయనకు సాయంగా కొలతల గొలుసు పట్టే కోదండం అనే చైన్‌మన్ ఉండేవాడు. సారు చెప్పింది చెప్పినట్టు చెయ్యడం తప్ప వాడికి ఇంకో విద్య రాదు.

గడియారస్తంభం సెంటర్లో రోడ్డు మధ్య ఒక గుంట ఉంది. పైపు కారుతోందని మున్సిపాలిటీవారు తవ్వారు. తవ్వినవాళ్ళు ఇప్పుడే వస్తామని వెళ్ళి అటే పోయారు. చుట్టూ అడ్డం లేదు, ఎర్రగుడ్డ లేదు. అక్కడైతే కేసులు బాగా దొరుకుతాయని విభాగంవారు తమ జీపును గుంట పక్కనే పెట్టుకున్నారు. మరి గుంట పూడ్చవచ్చు కదా అంటే, పూడ్చే విభాగం వేరు.

శ్రీ వీణాపాణి బ్యాండుమేళంలో పెద్ద డ్రమ్ము వాయించే పోలయ్య ఓ శనివారం మధ్యాహ్నం మోపెడు మీద ఆ సెంటరుకి వచ్చాడు. మనిషీ భారీయే, డ్రమ్మూ భారీయే. డ్రమ్మును వెనక కట్టుకుని వెళ్తుంటే చూసేవాళ్ళకి మోపెడు మీద జాలేసేది. గుంట తప్పించబోయి పోలయ్య కుడికి తిప్పాడు. ఎదురుగా మాణిక్యం వస్తోంది. ఆవిడ హోటళ్ళనుంచి ఇళ్ళకి భోజనాలు అందించే డెలివరీ మనిషి. స్కూటరు వెనక బీరువాలాంటి ఎర్ర సంచి. ఆవిడా గుంట తప్పించబోయి అటే తిప్పింది.

ఇద్దరూ నెమ్మదిగానే గుద్దుకున్నారు గాని, ఇద్దరూ పడ్డారు. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి గడియారస్తంభానికి తగిలి 'ఢాం' అంది.

పోలయ్య ముందు లేచాడు. "అయ్యయ్యో! దెబ్బ తగిలిందా తల్లీ? తప్పు నాదేనమ్మా. గుంట చూసుకుని నీ మీదికొచ్చేశాను."

"లేదు బాబాయ్, తప్పు నాదేనండి. ఆర్డరు లేటైపోతందని అడ్డంగా తిప్పేశాను. మోకాలు గీరుకుందంతే. మీకేం అవలేదు కదా?"

"నాకేమవుద్దమ్మా, గోడ కూలినా నా మీదే కూలాలి. లే, చెయ్యందుకో."

పోలయ్య చెయ్యి చాచాడు. మాణిక్యం అందుకోబోయింది. వ్యవహారం అక్కడికి ముగిసిపోయేది. అంతలో ఈల మోగింది.

"లేపరాదు!"

జీపులోంచి త్రివిక్రమరావుగారు దిగారు. "ప్రమాదం జరిగిన పిమ్మట ఇరుపక్షములూ నిర్ధారణాధికారి వచ్చువరకు యథాతథస్థితిలో ఉండవలెను."

"వచ్చేశారు కదండీ మరి," అన్నాడు పోలయ్య, వంగినవాడు వంగినట్టే.

"వచ్చినంత మాత్రాన కాదు. నిర్ధారించవలెను."

"నిర్ధారించడానికేముందండీ, తప్పు నాదేనని చెప్తన్నాను కదా."

త్రివిక్రమరావుగారి ముఖం కందగడ్డయింది. "తప్పు ఒప్పుకొను అధికారము మీకు లేదు. సదరు అధికారము విభాగమునకు చెందినది. ఆమెకు కూడా లేదు. కోదండం! టేపు!"

అలా ఒకరు రోడ్డు మీద కూర్చుని, ఒకరు చెయ్యి చాచుకుని వంగుని ఉండగా కొలతలు మొదలయ్యాయి. జనం మూగారు. మాణిక్యం ఫోను మోగింది. భోజనాలు తెప్పించుకున్న ఆఫీసువాళ్ళు.

"ఎక్కడున్నారమ్మా? ఫోన్లో మీ బొమ్మ కదలట్లేదు."

"రోడ్డు మీద కూచున్నానండి. కదలనివ్వట్లేదండి."

"ఎవరు?"

"మున్సిపాలిటీవారండి. కొలుస్తున్నారు."

అవతలివాళ్ళు కాసేపు ఆలోచించి ఆర్డరు రద్దు చేసుకున్నారు.

ఇక్కడ లెక్క తెగడం లేదు. అడ్డం చూస్తే డ్రమ్ము పెద్దది. పొడవు చూస్తే సంచి పెద్దది. కోదండం తల గోక్కున్నాడు. "సార్, డ్రమ్ము పైకి పెద్దదే గానండి, లోపలంతా ఖాళీ అండి. ఆ ఖాళీని కూడా కొలవమంటారా?"

త్రివిక్రమరావుగారు కళ్ళు మూసుకున్నారు. గొప్ప తీర్పులు ఆయనకు అలాగే వచ్చేవి. "ఖాళీ లెక్కలోనికి రాదు. ఖాళీలో ఉన్నది గాలి. పట్టణ పరిధిలోని గాలి యావత్తూ మున్సిపాలిటీది. ప్రభుత్వ ఆస్తిని ఒక ప్రైవేటు డ్రమ్ము ఖాతాలో వేయుటకు వీలులేదు."

గాలి తీసేస్తే డ్రమ్ములో మిగిలేవి రెండు చర్మాలూ ఒక చక్రమూ. సంచి మాత్రం నిండుగా ఉంది. పది పొట్లాల బిర్యానీ, పెరుగుచట్నీ డబ్బాలు. కోదండం ప్రకటించాడు. "అమ్మాయి బండే పెద్దదండి."

మాణిక్యం చేతులు జోడించింది. "అయ్యా, బండి పోతే కంపెనీవాళ్ళు ఐడీ ఆపేస్తారండి. బండి లేని మనిషితో వాళ్ళకేం పనండి? నా పొట్ట కొట్టకండి సార్."

పోలయ్యకు 'అమ్మయ్య, నా డ్రమ్ము దక్కింది' అనిపించింది. ఆ మరుక్షణమే తన మీద తనకే రోత పుట్టింది. ఆడకూతురు రోడ్డు మీద కూచుని ఏడుస్తుంటే అమ్మయ్యేమిట్రా వెధవా అని తిట్టుకుని, గట్టిగా అరిచాడు.

"సార్! ఖాళీ లెక్కలోకి రాదన్నారు కదండీ! ఆర్డరెలాగూ రద్దయిపోయింది. సంచి ఖాళీ చేసేస్తే సరి కదండీ!"

జనానికి ఆ మాట చాలు. సంచి జిప్పు ఎవరు తీశారో తెలీదు, ముక్కలు మాత్రం అందరికీ అందాయి. తిలా పాపం తలా పిడికెడు. కోదండం రెండు పిడికెళ్ళు తీసుకున్నాడు. త్రివిక్రమరావుగారు నమూనా నిమిత్తం ఒక లెగ్‌పీసు పరీక్షించారు. పోలయ్య కూడా సాయం పట్టాడు.

సంచి ఖాళీ అయింది. మళ్ళీ కొలిచారు. త్రివిక్రమరావుగారు వేళ్ళు నాక్కుని, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

"సంచి శూన్యము. డ్రమ్ము శూన్యప్రాయము. ఇక మిగిలినది మనుషులు. బండి మీద ఉన్నవాడు బండిలో భాగమే." కళ్ళు తెరిచి పోలయ్యను పైనుంచి కిందిదాకా చూశారు.

పోలయ్య నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది.

సోమవారం ఉదయం అక్కడే తుది విచారణ అన్నారు. మోపెడునూ డ్రమ్మునూ స్కూటరునూ గొలుసువేసి గుంట పక్కన కట్టేశారు. మనుషుల్ని మాత్రం తూకానికి రమ్మని వదిలేశారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ సోమవారం సాయంత్రమే పెళ్ళి ఊరేగింపు ఉంది. బ్యాండు మాస్టరు ఒక్కటే మాట అన్నాడు. "డ్రమ్ముతో వస్తే పోలయ్యవి. డ్రమ్ము లేకుండా వస్తే ఎవడివో నాకు తెలీదు." పోలయ్యకు ఆ డ్రమ్ము తప్ప వేరే జీవనం లేదు. చదువు లేదు, పొలం లేదు, సన్నాయి ఊదేంత సన్నని ఊపిరి కూడా లేదు. ఆదివారం పొద్దున్నే లేచి, తిండి మానేశానని పెళ్ళాంతో చెప్పాడు.

"ఒక్కపూట మానేస్తే తగ్గిపోయే ఒళ్ళేంటది?" అంది ఆవిడ. "నలభై ఏళ్ళు కష్టపడి పెంచావు."

అప్పటికే ఊరంతా తగ్గే పనిలో పడింది. కారున్నవాళ్ళు కార్లు దాచి పిల్లల సైకిళ్ళెక్కారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా దిగలేదు. లారీ డ్రైవర్లు ముందు ఒక కోడిపిల్లను నడిపించి, దాని వెనక లారీని తోసుకుంటూ వెళ్ళేవారు, గుద్దితే కోడిపిల్లదని చెప్పడానికి. కోడిపిల్లే చిన్నదని విభాగంవారు చెప్పేసరికి ఘొల్లుమన్నారు. బక్కపల్చటి సన్యాసులకు గిరాకీ పెరిగింది. వాళ్ళను బతిమాలి స్కూటర్లు తోలించుకునేవారు. కమిషనరుగారు ఇదంతా చూసి, పట్టణంలో వినయం వెల్లివిరుస్తోందని పైకి నివేదిక పంపి, పక్క జిల్లాలో సామెతల మీద ఉపన్యాసానికి వెళ్ళారు.

సోమవారం వచ్చింది. గుంట పక్కన షామియానా వేశారు. బెల్లం మార్కెట్టునుంచి పెద్ద కాటా తెచ్చారు. తిండి లేక పోలయ్యకు కళ్ళు తిరుగుతున్నాయి. అయినా బరువు తగ్గినట్టు కాటాకి మాత్రం తోచలేదు.

అప్పుడు మాణిక్యం వచ్చింది. అంత ఎండలో రెండు స్వెట్టర్లు, పైన రెయిన్‌కోటు. భుజాన వేలాడుతున్న సంచి బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి నడుస్తోంది.

"ఏంటమ్మా ఇది?"

"పొత్రం బాబాయ్," అంది గుసగుసగా. "మా అత్త రుబ్బురోలుది. లోపల లంగా కింద ఇసకమూటలు కూడా ఉన్నాయి. మీకంటే నేనే పెద్దదాన్నవుతాను, చూడండి."

"నీకేమైనా పిచ్చా? నీ బండి పోద్దే!"

"మీరు ఆ రోజు నోరెత్తకపోతే అప్పుడే పోయేదండి. నాకు తెలీదనుకున్నారా?"

పోలయ్య ఆ సంచివంక చూశాడు. తాను డ్రమ్ము కోసం పస్తులున్నాడు. ఈ పిల్ల తన కోసం పొత్రం మోసుకొచ్చింది. సిగ్గుతో, దుఃఖంతో, రెండ్రోజుల ఆకలితో అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక చుట్టూ చూశాడు. ఎదురుగా గుంట కనిపించింది.

"సార్!" అన్నాడు. "ఎంతసేపూ మమ్మల్నే కొలుస్తున్నారు. ఆ రోజు గుద్దుకున్నది మేమిద్దరమే కాదండి. మూడోది కూడా ఉంది. మా ఇద్దరికంటే పెద్దది. అదుగో!"

జనం చప్పట్లు కొట్టారు. నిజమే కదా! రెండు బళ్ళూ తిప్పింది గుంట కోసమే. గుంట పెద్దదైతే తప్పు గుంటది. గుంట ఎవరిదో చంటిపిల్లాడికి కూడా తెలుసు.

త్రివిక్రమరావుగారు తడబడలేదు. న్యాయానికి స్వపర భేదం లేదన్నారు. కోదండం చేత గుంట పొడవూ వెడల్పూ లోతూ తీయించారు. అంకెలు వింటూ జనం ఈలలు వేశారు. అప్పుడాయన కళ్ళు మూసుకున్నారు.

"గుంట యావత్తూ ఖాళీ. ఖాళీ లెక్కలోనికి రాదని ఇదే కేసులో పూర్వం తీర్పు ఉన్నది. కావున సదరు గుంట పరిమాణము శూన్యము. ఈ ప్రమాదమునందు అన్నిటికన్న చిన్నపక్షము గుంటయే. అది బాధిత పక్షము. దానికన్న పెద్దవైన మీ ఇద్దరి బళ్ళూ దోషులు. రెండూ జప్తు."

మాణిక్యం పొత్రం కింద పెట్టేసింది.

"గోడౌను నిండిపోయిందండి," అన్నాడు కోదండం. "ఇవి ఎక్కడ పెట్టమంటారు?"

"దోషి ఆస్తి, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, బాధిత పక్షము అధీనములో ఉండవలెను."

బాధిత పక్షం అధీనంలో, అంటే గుంటలో, తాళ్ళు కట్టి మోపెడును దించారు. దాని పక్కన స్కూటరును నిలబెట్టారు. వాటి మీద సంచి. అన్నిటికంటే పైన డ్రమ్ము. డ్రమ్ము దిగుతుంటే పోలయ్య మొహం తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరి పెళ్ళయినా తన పొట్ట మీద మోగిన డ్రమ్ము అది. గుంట అంచులదాకా నిండిపోయింది.

కోదండం నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. వాడు మంచివాడు, ఎవరి మీదా కసి లేనివాడు. చూసింది చెప్పాడంతే.

"సార్, ఇప్పుడు గుంట ఖాళీగా లేదండి."

త్రివిక్రమరావుగారు కళ్ళు మూసుకోబోయి మళ్ళీ తెరిచారు. గుంట ఖాళీగా లేకపోతే దానికి పరిమాణం ఉన్నట్టు. పరిమాణం ఉంటే అదే పెద్దది. పెద్దదైతే తప్పు దానిది, అంటే మున్సిపాలిటీది.

"బయటికి తీయండి! తక్షణము!"

తీశారు. తీసేసరికి గుంట మళ్ళీ శూన్యమై బాధిత పక్షమైంది, బళ్ళు మళ్ళీ దోషులయ్యాయి. దించారు. దించేసరికి గుంట పెద్దదైంది. తీశారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తాళ్ళు లాగేవాళ్ళ అరచేతులు బొబ్బలెక్కాయి. ఎండ వాలింది. దూరంగా పెళ్ళివారి వీధిలో వీణాపాణివారి క్లారినెట్టు మొదలైంది. తాళం లేని క్లారినెట్టు కుక్కపిల్ల ఏడ్చినట్టుంది. పోలయ్య చెవులు మూసుకున్నాడు.

చివరికి బళ్ళు పైన ఉండగా త్రివిక్రమరావుగారు చెయ్యెత్తారు. "ఆగండి. ఈ గుంట వాస్తవముగా ఖాళీయా కాదా అనునది నేనే స్వయముగా దిగి, శాశ్వతముగా నిర్ధారించెదను."

నిచ్చెన వేసుకుని దిగారు. తల మాత్రం పైకి కనిపించేంత లోతు. నిచ్చెన లోపలుంటే కొలత చెడుతుందని కోదండం దాన్ని పైకి లాగేశాడు.

"ఖాళీగా ఉందాండీ?"

"ఉన్నది! సంపూర్ణముగా ఖాళీ!"

"మీరున్నారు కదండీ."

త్రివిక్రమరావుగారు తన కాళ్ళవంక చూసుకున్నారు.

"బండి మీద ఉన్నవాడు బండిలో భాగమే అన్నారు కదండీ," అన్నాడు కోదండం వినయంగా. "అంటే గుంటలో ఉన్నవారు గుంటలో భాగమే కదండీ. గుంట ఇప్పుడు పెద్దది. మీరు దోషి పక్షం సార్."

"నిచ్చెన వెయ్యరా!"

కోదండం ఈల ఊదాడు. "కదలరాదు సార్! నిర్ధారణాధికారి వచ్చేదాకా యథాతథస్థితండి."

"నిర్ధారణాధికారిని నేనేరా!"

"మీరొక పక్షమండి. పక్షం వేరు, అధికారి వేరు. పక్షానికి అధికారం లేదని ఆ రోజు మీరే చెప్పారు."

గోతులకు సంబంధించిన ఒక సామెత ఆ క్షణాన సెంటర్లో ఉన్న ప్రతివాడి నాలిక చివరికీ వచ్చింది. చట్టమైపోతుందేమోనన్న భయంతో ఎవరూ పైకి అనలేదు.

త్రివిక్రమరావుగారు చాలాసేపు ఆలోచించారు. కోదండం మాటలో తప్పు పట్టడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. నిజాయితీపరుడు. బురదలో నిటారుగా నిలబడి, ఎవరూ తనను కదపరాదని తానే ఉత్తర్వు ఇచ్చుకున్నారు. కోదండం కమిషనరుగారికి ఫోను చేశాడు. ఉపన్యాసం సాగుతోందట. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

దోషి గుంటే కాబట్టి బళ్ళు విడుదలైనట్టే. పోలయ్య గబగబా డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. మాణిక్యం స్కూటరు స్టార్టు చేసింది. "పదండి బాబాయ్, మళ్ళీ ఎవరైనా కళ్ళు మూసుకునే లోపల!"

నాలుగడుగులు వేశాక పోలయ్య వెనక్కి చూశాడు. గుంట అంచు మీద ఒక బట్టతల, రెండు కళ్ళు. ఆ కళ్ళు ఇప్పుడు దేన్నీ కొలవడం లేదు. ఊరికే చూస్తున్నాయి. బ్యాండువైపు ఒకసారి, గుంటవైపు ఒకసారి చూసుకుని, "దీనికి కూడా నేనే దొరికాను," అని విసుక్కుంటూ పోలయ్య వెనక్కొచ్చాడు. డ్రమ్ము పక్కకి తిప్పుకుని, వంగి, చెయ్యి చాచాడు.

"రండి సార్. అందుకోండి."

త్రివిక్రమరావుగారు ఆ చేతిని చూశారు. తన చేతిని చూసుకున్నారు. ఆయన గొంతు మొట్టమొదటిసారి మామూలు మనిషి గొంతులా వచ్చింది.

"వద్దు పోలయ్యా. నీ చెయ్యి నా చేతికంటే పెద్దది. తప్పు నీదవుతుంది."

"అవనీండి సార్. తప్పు నాదే. ముందు పైకి రండి."

"కాదండి, నాది," అంటూ మాణిక్యం స్కూటరు దిగి వచ్చి రెండో చెయ్యి అందించింది.

ఆయన పట్టుకున్నారు. ఇద్దరూ లాగారు. ప్యాంటు నిండా బురదతో గట్టుమీదికి వచ్చిపడి, రొప్పుతూ కూర్చున్నారు. కోదండం ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని, ఊదాలో వద్దో తెలీక అలాగే ఉంచుకున్నాడు.

కాస్త ఊపిరి తిరగ్గానే త్రివిక్రమరావుగారు గుంటవైపు చూశారు. అది మళ్ళీ ఖాళీగా ఉంది. అలవాటు కొద్దీ ఆయన కళ్ళు మూతపడ్డాయి. పెదవులు కదిలాయి. "కావున సదరు గుంట..."

పోలయ్య డ్రమ్ము పొట్టమీదికి తిప్పుకుని, కర్ర తీసి, చేతిలో ఉన్న సత్తువంతా పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. ఆ డ్రమ్ములో ఉన్న మున్సిపాలిటీ గాలి అంతా ఒక్కసారిగా మోగింది. ఆయన తర్వాత ఏమన్నారో ఎవరికీ వినబడలేదు.